‘ఇక్కడ’ అంటే ఒకటి, ‘ఇక్కడే’ అంటే ఇంకొకటి: ఎండెమిక్ అనే మాట గురించి

అమ్మా, నువ్వు పెట్టిన జవాబు తప్పే. కానీ ఆ తర్వాత నీకు వచ్చిన అనుమానం ఉంది చూడు, అది మాత్రం సరైనది. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పాను. ఈ అనుమానం అడిగిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

నువ్వు అడిగింది ఇదీ. డీఎస్సీ మోడల్ పేపర్లో ‘ఎండెమిక్ జాతులు అంటే ఏవి?’ అని ఇచ్చారు. నువ్వు ‘ఒక ప్రాంతంలో సహజంగా పెరిగేవి’ అని పెట్టావు. కీలో ‘ఒక ప్రాంతానికి మాత్రమే పరిమితమైనవి’ అని ఉంది. ఈ రెండింటికీ తేడా ఏమిటి? ఇక ఏఎన్ఎంగా చేస్తున్న మీ అక్క ‘మన జిల్లా బోదకాలుకు ఎండెమిక్’ అంటుంది. బోదకాలు బీహార్లోనూ ఉంది, ఒడిశాలోనూ ఉంది. మరి ఆ ‘మాత్రమే’ ఎటు పోయింది? చివరగా, దీన్ని తెలుగులో ఏమనాలి?

పరీక్ష సంగతి ముందు తేల్చేద్దాం. మనిషి తెచ్చి నాటకుండా, తనంతట తాను ఒక నేలలో పుట్టి పెరిగే మొక్క ఆ నేలకు నేటివ్. ఆ నేలలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా దొరకని మొక్క ఆ నేలకు ఎండెమిక్. ఎండెమిక్ అయినది ఏదైనా నేటివే అవుతుంది. నేటివ్ అయినదల్లా ఎండెమిక్ కాదు. నువ్వు సగం జవాబు పెట్టావు, వాళ్లు మొత్తం అడిగారు.

పరకాల అమ్మాయివి కాబట్టి బతుకమ్మ పేర్చే తాంబాళం ముందు కూర్చున్నావనుకో. అడుగున గుమ్మడి ఆకులు, మీద తంగేడు, గునుగు, బంతి, నడుమ గుమ్మడి పువ్వు. తంగేడు మన రాష్ట్ర పుష్పం. మన గుట్టల మీద, చెరువు కట్టల మీద ఎవరూ నాటకుండానే పూస్తుంది. నేటివ్ అనడంలో అనుమానం లేదు. కానీ తమిళనాడులో ఇదే మొక్కను ఆవారం అంటారు, శ్రీలంకలో రణవర అంటారు. అక్కడా ఎవరూ నాటకుండానే పూస్తుంది. కాబట్టి తెలంగాణకు ఎండెమిక్ కాదు. గునుగు అంతకన్నా పెద్ద ప్రయాణికురాలు. మన జొన్న చేలల్లోనే కాదు, ఆసియాలో, ఆఫ్రికాలో వేడి దేశాలన్నిటా చేలల్లో కలుపుగా కనిపిస్తుంది. బంతి మెక్సికో నుంచి వచ్చింది. గుమ్మడి కూడా అమెరికా ఖండాల మొక్కే. అంటే మన పండుగ తాంబాళంలో దూరదేశపువి ఉన్నాయి, ఇక్కడివి ఉన్నాయి, లోకమంతా ఉండేవి ఉన్నాయి. ‘తెలంగాణలో మాత్రమే’ అనదగ్గది అందులో లేదు. దానివల్ల బతుకమ్మకు వచ్చిన లోటేమీ లేదు. ఒక ప్రాంత సంస్కృతికి సొంతం కావడం వేరు, ఒక ప్రాంత నేలకు మాత్రమే పరిమితం కావడం వేరు.

మన వాళ్లకు లోకల్, నాన్‌లోకల్ అంటే వెంటనే అర్థమవుతుంది. స్టడీ సర్టిఫికెట్ల కోసం తిరిగినవాళ్లమే కదా అందరం. లోకల్ సర్టిఫికెట్ నువ్వు ఇక్కడ చదివావని చెబుతుంది. నీలాంటి మనిషి ఇంకెక్కడా లేదని చెప్పదు. నేటివ్ అనే మాట ఆ సర్టిఫికెట్ లాంటిది. ఎండెమిక్ అనాలంటే ఇక్కడ ఉందని చూపిస్తే చాలదు, మిగతా చోట్లన్నిటా లేదని కూడా చూపించాలి. కష్టమంతా ఆ రెండో సగంలోనే ఉంది. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు ఆ ‘మాత్రమే’ ఎటు పోయిందన్న ప్రశ్న. నిజానికి అది ఎటూ పోలేదమ్మా. మొదట్లో అసలు లేదు. మీ అక్క వాడే అర్థమే పాతది. మన బోటనీ వాళ్ల అర్థం దానికి తర్వాత పుట్టింది.

మాట గ్రీకుది. ‘ఎన్’ అంటే లోపల. ‘డెమోస్’ అంటే ఊరి జనం, ఆ జనం ఉండే ఇలాకా కూడా. డెమోక్రసీలో ఉన్నది ఆ డెమోసే. గ్రీకులో ‘ఎండెమోస్’ అంటే తన ఊళ్లో ఉన్నవాడు. ‘అపోడెమోస్’ అంటే ఊరు విడిచి పోయినవాడు. మన దగ్గర ఎవరింటికైనా పోయి వాకిట్లో నిలబడి ‘అన్న ఊళ్లె ఉన్నడా, ఊరికి పోయిండా?’ అని అడుగుతామే, అచ్చం ఆ తేడానే. ఎండెమోస్ అంటే ఊళ్లో ఉన్నాడు, అంతే. వాడు ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఉండడన్న భావం అందులో లేదు.

వైద్యులు ఈ కుటుంబం మాటలను జబ్బులకు పెట్టుకున్నారు. హిప్పోక్రటీస్ పేరుతో వచ్చిన వైద్య గ్రంథాల కాలం నుంచే ‘ఎపిడెమిక్’ అనే మాట ఉంది. ‘ఎపి’ అంటే మీద. జనం మీదికి వచ్చి పడేది. ‘పాన్’ అంటే అంతా. అందరినీ చుట్టేస్తే పాండెమిక్. వచ్చి పోయేది ఎపిడెమిక్ అయితే, పోకుండా ఊళ్లోనే కాపురం పెట్టేది ఎండెమిక్. ఇంగ్లీషు వైద్య రాతల్లోకి ఈ మాట 17వ శతాబ్దంలో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా వైద్యంలో దీని అర్థం మారలేదు: ఒక ప్రాంతంలో ఎప్పుడూ ఎంతో కొంత ఉంటూనే ఉండే జబ్బు.

మీ అక్క ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు, ఆల్బెండజోల్ మింగించేది ఆ లెక్కతోనే. క్యూలెక్స్ దోమ ఉంది, మురుగు ఉంది, రక్తంలో సూక్ష్మ క్రిములున్న మనుషులు ఉన్నారు. ఈ మూడూ ఒకచోట ఉన్నంత కాలం బోదకాలు ఆ ఊరు విడిచి పోదు. ఏటూరునాగారం వైపు ఏజెన్సీలో మలేరియా సంగతీ అంతే. అక్కడి పెద్దలను అడిగితే ‘యాడికి పోతది, ఈడనే ఉన్నది’ అంటారు. ఎండెమిక్ అనే వైద్య పదానికి అంతకన్నా మంచి నిర్వచనం నాకు కనపడలేదు.

ఇక్కడ ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. ఫ్లోరోసిస్. దీన్ని కూడా వైద్యులు ఎండెమిక్ ఫ్లోరోసిస్ అంటారు. అది క్రిమి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నేల కింద రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరిగి, ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగిన మనుషుల పళ్లలో, ఎముకల్లో చేరుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. నల్లగొండ జిల్లాలో వంగిపోయిన నడుములు చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ జబ్బు నిజంగా నేలకు కట్టేసినట్టే ఉంటుంది. నీళ్లు మారిస్తే కొత్తగా రాదు. మాట మూలంలో ఉన్న ‘ఇలాకా’ అనే అర్థం ఇంత సూటిగా కనిపించే జబ్బు ఇంకొకటి లేదు.

కరోనా తగ్గుముఖం పట్టిన రోజుల్లో, 2022 ప్రాంతంలో, ‘ఇక ఇది ఎండెమిక్ అయిపోయింది’ అని టీవీల్లో ఊపిరి పీల్చుకున్నట్టు చెప్పారు. అది విని చాలామంది ఎండెమిక్ అంటే బలహీనపడ్డ జబ్బు అనుకున్నారు. ఆ మాటలో అలాంటి భరోసా ఏమీ లేదు. మలేరియా ఎన్నో దేశాల్లో ఎండెమిక్, ఏటా దాదాపు 6 లక్షల మందిని తీసుకుపోతోంది. ఊళ్లో ఉండిపోయిందని మాత్రమే ఆ మాట చెబుతుంది. మంచిగా ఉంటుందని చెప్పదు.

మరి మొక్కలకు ఈ మాట ఎలా వచ్చింది? దీనికి స్పష్టంగా ఒక మనిషి, ఒక సంవత్సరం ఉన్నాయి. జెనీవాకు చెందిన వృక్షశాస్త్రవేత్త ఆగుస్టిన్ పిరామ్ ద కాండోల్, 1820. టాక్సానమీ అనే మాటను 1813లో వాడుకలోకి తెచ్చింది కూడా ఈయనే, అది కూడా గుర్తుపెట్టుకో, అడుగుతుంటారు. 1820లో ఆయన మొక్కల భూగోళం మీద పెద్ద వ్యాసం రాశాడు. ఏ మొక్క ఎక్కడ పెరుగుతుంది, ఎందుకు అక్కడే పెరుగుతుంది అనేది విషయం. అందులో ఒక చోట ఆగి అంటాడు: అన్నిటికన్నా నాకు అంతుపట్టనిది ఒకటుంది, కొన్ని ప్రజాతుల్లో (అంటే దగ్గరి జాతుల గుంపుల్లో), కొన్ని కుటుంబాల్లో ఉన్న జాతులన్నీ ఒకే దేశంలో పెరుగుతాయి, ఇంకొన్నింటి జాతులు ప్రపంచమంతా చెదిరి ఉంటాయి. మొదటి రకాన్ని వైద్యుల భాషను పోలుస్తూ ఎండెమిక్ అంటాను, రెండో రకాన్ని స్పొరాడిక్ అంటాను అని అక్కడే చెప్పేశాడు.

ఆ పోలికలోనే మన ‘మాత్రమే’ లోపలికి వచ్చింది. వైద్యుడికి కావలసింది జబ్బు ఇక్కడ ఉందా, పోయిందా అన్నది. పక్క జిల్లాలో ఉంటే ఉండనీ, అతని రోగి ఇక్కడ ఉన్నాడు. కాండోల్‌కు కావలసింది వేరు. ఆయన ముందు ప్రపంచ పటం పరిచి ఉంది. ఈ మొక్కల గుంపు పటంలో ఒక్క మూలనే ఎందుకు ఆగిపోయింది అన్నది ఆయన బాధ. అందుకని అదే మాటను తీసుకుని, ‘ఉంది’ అన్నదాని పక్కన ‘ఇంకెక్కడా లేదు’ అన్నది చేర్చాడు. ఆయన ఎండెమిక్ అన్నది ముందు ప్రజాతుల గురించి, కుటుంబాల గురించి. జాతులకు వాడటం తర్వాత స్థిరపడింది. 1859లో డార్విన్ తన సిద్ధాంత గ్రంథంలో దీవుల్లోని ఎండెమిక్ జాతుల గురించి రాస్తూ, వెంటనే ‘అంటే ప్రపంచంలో ఇంకెక్కడా కనపడనివి’ అని విడమరిచి చెప్పాడు. మాట చదువరులకు ఇంకా అలవాటు కాలేదన్నమాట.

ఇద్దరు ఒకే మాటను రెండు అర్థాల్లో వాడుతుంటే గొడవ పడేవాళ్లు ఉండనే ఉంటారు. 1900లో హవాయి దీవుల కీటకాల మీద పనిచేసిన డేవిడ్ షార్ప్, ఒక ప్రాంతపు హద్దుల్లోనే ఉండేవాటికి ‘ప్రిసింక్టివ్’ అని వేరే మాట పెట్టాడు. శాస్త్రం దృష్టితో చూస్తే అది మంచి మాటే. కానీ జనం నోట నిలవలేదు. అందరూ ఎండెమిక్ దగ్గరే ఉండిపోయారు. పరీక్షకు అది అక్కర్లేదు.

ఇప్పుడు ఆ రెండో సగం, ‘ఇంకెక్కడా లేదు’ అనే మాట బరువు చూద్దాం. నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు ఏటూరునాగారం అడవికి ఫీల్డ్ ట్రిప్ పోయాం. వాగు ఒడ్డున చిన్న మొక్క ఒకటి దొరికింది, మా బ్యాచ్‌లో ఇంకెవరికీ దొరకలేదు. ఆరబెట్టి, షీటు మీద అతికించి, లేబుల్ మీద దొరికిన చోటు రాసి, దాని కింద ‘ఎండెమిక్’ అని కూడా రాశాను. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆ షీటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. ‘ఎక్కడెక్కడ వెతికినవు?’ అని అడిగారు. ఏటూరునాగారంలో సార్ అన్నాను. ‘గోదావరి దాటినవా? గడ్చిరోలి చూసినవా? బస్తర్ చూసినవా?’ ఆయన గొంతులో కోపం లేదు. జేబులోంచి పెన్సిల్ తీసి ఎండెమిక్ అనే మాట మీద ఒక్క గీత గీసి, దొరికిన చోటు పేరును మాత్రం అలాగే ఉంచారు. ఆ షీటు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అట్ట అంచులు పసుపెక్కాయి, ఆకులు గోధుమ రంగుకు తిరిగాయి, నాఫ్తలీన్ వాసన పోలేదు. పెన్సిల్ గీత కూడా చెరగలేదు. తర్వాత నేను నేర్పిన ప్రతి బ్యాచ్‌కూ ముందు ఆ షీటు చూపించాకే ఈ పాఠం మొదలుపెట్టేవాణ్ని.

దొరికిన చోటు వేరు, పరిమితమైన చోటు వేరు. దీనికి గుత్తి సాలీడు కథను మించింది లేదు. ఒళ్లంతా మెరిసే నీలం రంగు, పెద్ద సాలీడు. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని మొదటిసారి వర్ణించాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే కలప యార్డులో. దాంతో లోకమంతటా దానికి గుత్తి పేరు స్థిరపడిపోయింది. నూరేళ్ల పాటు మళ్లీ ఎవరికీ కనపడలేదు. చివరికి 2001లో గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. కలప దుంగలతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. అది చెట్టు తొర్రల్లో బతికే జీవి మరి. ఎండెమిక్ అన్నది నిజమే, కానీ ఆ అడవికి. గుత్తికి కాదు.

కాబట్టి ఎవరైనా ‘ఇది ఎండెమిక్’ అని ఊరుకుంటే వెంటనే ‘దేనికి?’ అని అడగాలి. చోటు పేరు లేకుండా ఆ మాటకు అర్థమే లేదు. ఒక జీవి మన దేశానికి ఎండెమిక్ కావచ్చు, తెలంగాణకు కాకపోవచ్చు. మన టేకు చూడు. ఆదిలాబాద్ అడవి అనగానే టేకే గుర్తొస్తుంది. కానీ అది ఇండియాతో పాటు మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్ అడవుల్లోనూ సహజంగా పెరుగుతుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెట్టు సంగతి ఇంకా ముచ్చటైనది. నిర్మల్లో ఒకసారి ఇంకా చెక్కని దుంగ ముక్క నా చేతిలో పెట్టారు. అంత లావు కట్టె, ఆరిన సొరకాయ బుర్రంత తేలిగ్గా ఉంది. గోటితో నొక్కితే గుంట పడింది. అంత మెత్తన కాబట్టే మామిడిపండు వంపు, చిలక ముక్కు అందులో అంత సులువుగా తిరుగుతాయి. ఆ బొమ్మలు చూసినవాళ్లు పొనికి నిర్మల్‌లోనే ఉంటుందనుకుంటారు. కృష్ణా ఒడ్డున కొండపల్లి బొమ్మలు చేసేదీ ఆ చెక్కతోనే. తమిళనాడులో ఉంది, శ్రీలంక ఎండు అడవుల్లోనూ ఉంది. దక్షిణ భారతం, శ్రీలంక కలిపి ఒక్క ప్రాంతంగా తీసుకుంటే దానికి ఎండెమిక్ అనొచ్చు. నిర్మల్‌కు అనకూడదు. నిర్మల్‌కు సొంతమైనది ఆ చేతిపని.

మన చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది కదా, అక్కడా ఇదే పొరపాటు చేస్తారు పిల్లలు. జీఐ అనేది ఒక ప్రాంతపు రైతుల సరుకుకు, వాళ్ల పేరుకు ఇచ్చే చట్టపరమైన రక్షణ. మిరప మొక్కే అమెరికా ఖండాలది. సముద్రాలు దాటి మనకు వచ్చి అయిదు వందల ఏళ్లు కూడా సరిగ్గా నిండి ఉండవు.

అసలైన ఎండెమిక్ చూడాలంటే కొంచెం దక్షిణానికి పోవాలి. ఎర్రచందనం శేషాచలం, వెలికొండ, లంకమల వంటి దక్షిణ తూర్పు కనుమల గుట్టల్లోనే సహజంగా పెరుగుతుంది. తిరుమల కొండల్లో ఉండే సైకస్ బెడ్డోమీ అయితే ఇంకా చిన్న ఇలాకా. చూడటానికి పొట్టి ఈత చెట్టులా ఉంటుంది, కానీ వంశం ఈతది కాదు, పువ్వులే పూయని చాలా పాత వంశం. ఉత్తర తెలంగాణలో ఇలాంటివి ఎందుకు తక్కువ అని పిల్లలు నిరాశగా అడిగేవారు. కారణం నేలలో ఉంది. ఒక మొక్క ఒకచోట చిక్కుబడాలంటే అడ్డు కావాలి: చుట్టూ సముద్రమో, ఎత్తయిన కొండ శిఖరమో, చుట్టుపక్కల లేని మట్టో. మన పాకాల, ఏటూరునాగారం, మహదేవ్‌పూర్ అడవి గోదావరి దాటి గడ్చిరోలికి, బస్తర్‌కు ఒకే దుప్పటి పరిచినట్టు సాగిపోతుంది. గింజలు మోసే పిట్టకు, గాలికి అక్కడ అడ్డేముంది? అందుకే మన చెట్లు అటూ ఉన్నాయి, వాళ్ల చెట్లు ఇటూ ఉన్నాయి. హవాయి దీవుల్లో సహజంగా పెరిగే పూలమొక్కల్లో నూటికి తొంభై దాకా అక్కడివే కావడానికి చుట్టూ ఉన్న వేల మైళ్ల నీళ్లే కారణం.

చిక్కుబడటంలో కూడా రెండు రకాలు. ఒకప్పుడు చాలా దూరం వ్యాపించి, మిగతా చోట్ల నశించి, ఒక మూల మిగిలినవి పాత ఎండెమిక్‌లు. కేరళ వైపు పడమటి కనుమల్లో నేల లోపల బతుకుతూ, వానలు పడ్డప్పుడు కొద్ది రోజులు మాత్రమే పైకి వచ్చే ఊదారంగు కప్ప అలాంటిది. 2003లో దాన్ని వర్ణించినప్పుడు దగ్గరి చుట్టాలు ఎవరా అని చూస్తే సముద్రం అవతల సీషెల్స్ దీవుల్లో తేలారు. ఒకే నేలగా ఉన్న ఖండం విడిపోయినప్పుడు విడిపోయిన కుటుంబమన్నమాట. ఇక కొత్త చోట కొత్తగా పుట్టి, ఇంకా బయటికి పోని జాతులు కొత్త ఎండెమిక్‌లు. గాలపాగోస్ దీవుల ఫించ్ పిట్టలు అందుకు ఉదాహరణ. పరీక్షలో పేలియో ఎండెమిక్, నియో ఎండెమిక్ అని అడిగేది వీటినే.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది మాత్రం మూడో సంగతి. పుట్టుకతో కాక, మనిషి తరిమితే ఒక మూలకు చేరినవి. కలివికోడి పేరు విని ఉంటావు. 1848లో శాస్త్ర లోకానికి తెలిసింది, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల దగ్గర అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు ఏ పుస్తకం తీసినా కడప ప్రాంతపు పక్షి అనే ఉంటుంది. కానీ 19వ శతాబ్దంలో దాన్ని చూసిన చోట్ల పేర్లలో భద్రాచలం ఉంది, సిరొంచ ఉంది. సిరొంచ ఎక్కడో తెలుసు కదా? మన కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది, ఆ అవతలి ఒడ్డు. కాళేశ్వరం ఘాటు మీద నిలబడి అటు చూసినప్పుడల్లా నాకు ఆ పిట్టే గుర్తొస్తుంది. ఒకనాడు ఆ పొదల్లో రాత్రిపూట తిరిగిందే. ఎండెమిక్ అనే మాట ఇవాళ్టి పటాన్ని చెబుతుంది. నిన్నటి పటం ఎంత పెద్దదో అది చెప్పదు. గిర్ సింహాల విషయంలోనూ ఇలాగే పొరపడతారు. సింహం అనే జాతి ఆఫ్రికాలో ఉంది. ఆసియాలో ఉత్తర భారతం నుంచి ఇరాన్ దాకా తిరిగినవి వేటలో పోగా గుజరాత్‌లో మిగిలాయి. కాబట్టి ‘సింహం గిర్‌కు ఎండెమిక్ జాతి’ అని ఆప్షన్ కనిపిస్తే పెట్టకు.

దీనికి తలకిందులైన ఉదాహరణ హన్మకొండలో ఏ కాలేజీ ఆవరణలో అయినా దొరుకుతుంది. మేలో మంట పెట్టినట్టు పూసే గుల్‌మొహర్. ఎర్ర తురాయి అంటారు కొందరు. కత్తుల్లాంటి కాయలతో పిల్లలు యుద్ధాలు ఆడేది ఆ చెట్టు కిందే. ఆ చెట్టు సహజంగా పెరిగేది ఒక్క మడగాస్కర్ దీవిలోనే. మనుషులు అందానికి ప్రపంచమంతా నాటారు, అయినా అది మడగాస్కర్ ఎండెమిక్కే. ఎన్ని దేశాల రోడ్ల పక్కన నీడనిచ్చినా, నాటిన చెట్టు లెక్కలోకి రాదు, తానుగా మొలిచిన అడవే లెక్క. తెలంగాణ రైతులు పొలాల్లో ఎర్రచందనం వేసుకున్నా అది దక్షిణ తూర్పు కనుమల ఎండెమిక్‌గానే ఉండటానికి కారణం ఇదే.

ఎండెమిక్‌ల లెక్క మీద నడిచే పెద్ద విషయం ఇంకొకటుంది, నీ సిలబస్‌లో తప్పకుండా వస్తుంది: బయోడైవర్సిటీ హాట్‌స్పాట్. నార్మన్ మయర్స్ 1988లో ప్రతిపాదించాడు. ఇప్పటి కొలత ప్రకారం ఆ ప్రాంతంలో కనీసం 1,500 ఎండెమిక్ మొక్క జాతులు ఉండాలి, సహజ వృక్షసంపదలో 70 శాతం అప్పటికే పోయి ఉండాలి. మన దేశానికి సంబంధించినవి నాలుగు: హిమాలయాలు, ఇండో బర్మా, పడమటి కనుమలు శ్రీలంకతో కలిపి, నికోబార్ దీవులున్న సుండాలాండ్. తూర్పు కనుమలు ఇందులో లేవు. ఇక్కడ లెక్కించేది జాతులు ఎన్ని ఉన్నాయని కాదు, పోతే మళ్లీ ఎక్కడా దొరకనివి ఎన్ని అని. అడవి ఒక్కటే అయినప్పుడు, దాన్ని నరికితే ఆ మొక్కకు రెండో ఇల్లు లేదు.

ఇక తెలుగు మాట. నోట్సుల్లో ‘స్థానిక జాతులు’ అని రాస్తుంటారు. నువ్వు తప్పు పెట్టడానికి సగం కారణం అదేనని నా నమ్మకం. స్థానిక అంటే ఈ చోటిది అనే వస్తుంది కానీ ఈ చోటిది మాత్రమే అని రాదు. అది నేటివ్‌కు సరిపోతుంది. దేశ్యం, అన్యదేశ్యం అని వ్యాకరణంలో చదువుకున్నాం కదా. ఆ జంట కూడా నేటివ్‌కు, బయటి నుంచి వచ్చినదానికి చక్కగా సరిపోతుంది, ఎండెమిక్‌కు చాలదు. కొందరు స్థానీయ అంటారు. స్థానికకూ స్థానీయకూ తేడా గుర్తుపెట్టుకోవడం ఇంకో టెన్షన్. నన్నడిగితే పాఠంలో ఎండెమిక్ అనే రాసి, మొదటిసారి వచ్చినప్పుడు ‘ఫలానా చోటికే పరిమితమైన’ అని విప్పి చెప్పడం మేలు. ఫలానా అన్నచోట ఊరో, కొండో, దేశమో తప్పకుండా ఉండాలి.

అయితే మన భాషలో ఈ పనంతా చేసే అక్షరం ఒకటి ఎప్పటి నుంచో ఉంది. ‘శేషాచలంలో పెరుగుతుంది’ అను, అది నేటివ్. ‘శేషాచలంలోనే పెరుగుతుంది’ అను, అది ఎండెమిక్. ఆ ఒక్క ఏకారం చాలు. నీ మోడల్ పేపర్ ప్రశ్న మొత్తం ఆ దీర్ఘంలో ఉంది. ఇంకో వింత చూడు. ఏజెన్సీ పెద్దాయన మలేరియా గురించి ‘ఈడనే ఉన్నది’ అన్నాడే, అందులోనూ అదే ఏకారం. కానీ దాని అర్థం ఇక్కడ మాత్రమే ఉందని కాదు, ఇక్కడి నుంచి పోలేదని. కలివికోడి గురించి ‘ఈడనే ఉన్నది’ అంటే ఇంకెక్కడా లేదని. వైద్యుల అర్థం, కాండోల్ చేర్చిన అర్థం, రెండూ మన ‘ఈడనే’లో పక్కపక్కనే కూర్చున్నాయి. ఏది అనుకోవాలో మాట్లాడుతున్న సంగతిని బట్టి తెలిసిపోతుంది: జబ్బు అయితే ‘పోలేదు’, జీవి అయితే ‘ఇంకెక్కడా లేదు’.

పరీక్షలో జాతులు, మొక్కలు, పక్షులు, హాట్‌స్పాట్ అని కనిపిస్తే ‘మాత్రమే’ ఉన్న ఆప్షన్ చూడు. జబ్బు, జిల్లా, జనాభా అని కనిపిస్తే ‘ఎల్లప్పుడూ ఉండే’ అన్న ఆప్షన్ చూడు. మీ అక్కకు కూడా ఈ సంగతి చెప్పు, ఆమె తప్పు మాట్లాడటం లేదు. ఆమె మాట మాకన్నా పాతది, మేమే ఆమె దగ్గర అప్పు తెచ్చుకున్నాం.